రాళ్లు పరవని రాచబాట

బుద్వేలుకు చేరువగా సాగి శంషాబాదు మీదుగా దక్షిణమునకు పోవు 44వ జాతీయ రహదారి కన్యాకుమారి వరకు చేరును. విమానాశ్రయమునకై పరుగులెత్తు కార్ల వరుసను నిత్యము చూచువారికి, మూడున్నర శతాబ్దముల క్రిందట గోలకొండ మొదలు కన్యాకుమారి దాక బండ్ల రాకపోకలే లేవని ఒక ఫ్రెంచి వజ్రవర్తకుడు వ్రాసిన మాట నమ్మశక్యముగా నుండదు. ఆ వర్తకుడు టావెర్నియే; అతని యాత్రాగ్రంథము 1676లో వెలువడినది. కొండలును, చెరువులును, ఏళ్లును, ఇరుకు కనుమలును అడ్డుపడుటచే, తన చిన్నబండిని వజ్రపు గనులకు చేర్చుటకై పలుమార్లు ఊడదీసి దాటింపవలసివచ్చెనని అతడు వాపోయెను. సరకులు ఎద్దులమీదను గుర్రములమీదను, కలవారు పల్లకీలలోను పయనించుచుండిరట.

రోమకుల బాటల సంగతి వేరు. క్రీ.శ. 43లో బ్రిటను ద్వీపముపై దండెత్తిన రోమక సేనలు, తమ దళములును బండ్లును ఏ ఋతువునందైనను కదలవలెనన్న పట్టుదలతో, మట్టికట్ట పోసి, దానిపై రాళ్లును గులకయు దిమ్మిసకొట్టి, ఎక్సిటరు నుండి లింకను వరకు గల ఫాస్ బాట వంటి దారులను సాధ్యమైనంత తిన్నగా నిర్మించిరి. సామ్రాజ్యము పోయినను ఆ కట్టలు పూర్తిగా పోలేదు. వానలు లేని వేసవిలో రాతిపొరపై పైరు ముందుగా వాడుటచే, విమానము నుండి తీసిన ఛాయాచిత్రములందు పాతబాట జాడ బయటపడును. చక్రవర్తుల పేర్లు చెక్కిన మైలురాళ్లును, బ్రిటనులోని 15 మార్గముల మజిలీలను దూరములతో సహా పేర్కొనిన ఆంటొనైన్ పట్టికయు దానికి తోడు సాక్ష్యములు.

గోలకొండ బాటకు అట్టి కట్ట కానరాదు. ఇది మనవారి చేతగానితనమని తలచుట తొందరపాటని నా అభిప్రాయము. రాతిపరుపు కావలసినది చక్రమునకు. ఎద్దు గిట్టకు మెత్తని నేలయే మేలు. పెరికె ఎద్దులను మందలుగా తోలుకొనిపోవు లంబాడీలకు కావలసినవి పచ్చిక, నీరు, రాత్రికి నిలువ చోటు. ఈ యేడు ఈ చెరువు ఎండెనా, మరియొక చెరువుగట్టు మీదుగా పోవుదురు. అందుచే ఆ బాట ఒక్క గీత కాదు. వేసవిలో ఇసుకమేటల నడుమ పాయలుగా చీలి, మరల కలియు ఏటివంటిది. దాని ఆధారములను నడిబాటలో వెదకినవారికి దొరకునది దుమ్మే, వెదకవలసినది ప్రక్కను.

ప్రక్కను వెదకిన దొరకునవి తక్కువ కావు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, 1578లో, మూసీపై వెలసిన పురానాపూల్ నేటికిని నిలిచియున్నది. పారిసు నగరపు పోంనఫ్ వంతెనతో టావెర్నియే దానిని పోల్చెను. షేక్‌పేటలో రెండంతస్తుల సరాయి కలదు. బందరు దారిలో, హయత్ బక్షీ బేగము పేర వెలసిన హయత్‌నగరమున, మసీదు చుట్టును బాటసారులకై కట్టిన గదుల వరుసయు, దాపున పెద్ద దిగుడుబావియు నున్నవి. గోలకొండ నుండి ఆ దారి పట్టిన టావెర్నియే, తొలి మజిలీలోనే, తోటలు గల విశాలమైన విడిదిళ్లను వర్ణించుచు ఒక చిన్న సంగతి చెప్పెను: అచ్చట ప్రతిదినము సాయంకాలమునకు ముందు బీద బాటసారులకు రొట్టెయు, అన్నమును, వండిన కూరయు పంచెడివారు, పరులు వండినది ముట్టనివారికి మాత్రము పిండియు కొంచెము వెన్నయు ఇచ్చెడివారు. ఈ పిండియు వెన్నయు నాకు వంతెన కమానులకంటె విలువైన సాక్ష్యముగా తోచును. ఏలయన, ఆ దారిని ఎట్టివారు నడచిరో, వారి ఆచారములను సుల్తాను కొలువు ఎంతవరకు మన్నించెనో అందువలన తెలియుచున్నది.

గోలకొండ నుండి బందరుకు తిన్నని దారి 100 క్రోసులు, కొల్లూరు వజ్రపు గనుల మీదుగా పోయిన 112 క్రోసులు అని అతని లెక్క. అతడు తరచు పోయినది రెండవ దారినే. వజ్రవర్తకునికి పండ్రెండు క్రోసులు ఒక లెక్క కాదు. కృష్ణ ఒడ్డుననున్న ఆ పాత కొల్లూరు పులిచింతల జలాశయములో మునిగిపోయినది గనుక, అచ్చట బాటను వెదకదలచినవారు బావులను, సరాయిలను విడిచి, టావెర్నియే వ్రాసిన మజిలీల పట్టికనే ఆశ్రయింపవలసియున్నది.