ఎవరి యుప్పు తినుచున్నారు?

నౌపడ పేరు చెప్పగానే ఆంధ్రులకు స్ఫురించునది ఉప్పు. సముద్రజలమును మళ్ళకు గట్టి, ఎండకు విడిచి, తేలిన ఉప్పును కుప్పలు పోయు కూలివారి చెమటపై ఈ యూరి ప్రతిష్ఠ నిలిచియున్నది. “ఉప్పు తిన్న విశ్వాసము” అను మాట మనలో పెద్దలు తరచుగా వాడుదురు. విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై కూర్చున్నవాడు ఎవరి యుప్పు తినుచున్నాడు? నియమించిన ప్రభుత్వముదా? పన్నుగట్టు ప్రజలదా? ఈ ప్రశ్నకు 1930 లోనే, ఉప్పే దేశసమస్యయైన సంవత్సరమున, ఒక ఆంధ్రుడు జవాబు చెప్పెను.

ఆయన కట్టమంచి రామలింగారెడ్డి. చిత్తూరు మండలమున 1880 లో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, బరోడాలోను మైసూరులోను అధ్యాపకుడై, మైసూరు విద్యాశాఖకు అధిపతియై, ఆ పదవిని 1921 లో విడిచి మదరాసు శాసనసభలో ప్రవేశించెను. “ముసలమ్మ మరణము” వ్రాసిన కవి, “కవిత్వ తత్త్వ విచారము” వ్రాసిన విమర్శకుడు. 1926 లో బెజవాడయందు ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసినప్పుడు దానికి ప్రథమోపాధ్యక్షుడు. స్వయముగా బోధించినవాడు పాలకుడగుట ఆ విద్యాలయమునకు తొలి భాగ్యము.

1930 లో ఉప్పు సత్యాగ్రహము దేశమంతట చెలరేగెను. ప్రభుత్వము దానిని లాఠీలతోను చెరసాలలతోను అణచబూనెను. ఆ దౌర్జన్యమునకు నిరసనగా రెడ్డిగారు పదవిని త్యజించిరి. తాను నాటిన మొక్క ఇంకను లేతగా నున్న తరుణమున దానిని విడిచి బయటకు వచ్చుట సామాన్యమగు త్యాగమా? తరువాత రాధాకృష్ణ పండితుడు 1931 నుండి 1936 వరకు ఆ పీఠమధిష్ఠించెను. పిదప రెడ్డిగారే మరల వచ్చి 1949 వరకు నడపిరి. 1942 ఏప్రిల్ 6 న విశాఖపై జపాను బాంబులు పడిన మీదట విద్యాలయము గుంటూరునకు తరలవలసి వచ్చినప్పుడును సారథి యాయనయే. ఆ యేడే “సర్” బిరుదమును స్వీకరించుట పెక్కుమంది దేశభక్తులకు రుచింపలేదు, మాకును రుచింపదు. అయినను 1930 నాటి రాజీనామా దానితో చెఱగిపోదు.

ఆ రాజీనామా అధ్యాపకుల జీతములకొఱకు చేసినది కాదు, నిజమే. కాని ఏలికకు ఎదురుగా నిలుచుట యెఱిగిన అధికారియే తన క్రిందివారి పక్షమునను నిలువగలడు. పీఠము భయపడినచో ఆచార్యుడు నోరు విప్పడు. ఆచార్యుడు నోరు విప్పనిచోట విద్యార్థికి విద్య దొరకదు, వినయము పేర పిఱికితనము దొరకును.

నేటి స్థితి యేమి? 2008 లో శ్రీకాకుళము చెంత ఎచ్చెర్లయందు అంబేద్కరు విశ్వవిద్యాలయము వెలసినది. నౌపడ, టెక్కలి ప్రాంతముల బిడ్డలు పై చదువులకు వాల్తేరు వఱకు పోనక్కఱలేదని మన మెంతయో సంతసించితిమి. కాని రాష్ట్రమందలి విశ్వవిద్యాలయములలో మంజూరైన ఉద్యోగములు పెక్కు ఏండ్ల తరబడి భర్తీకాక, ఒప్పందపు అధ్యాపకులతో తరగతులు నడచుట బహిరంగ విషయము. మన రైతు కంబారిని ఏడాదికి కుదుర్చుకొన్నను, ఇచ్చు గింజల లెక్క ముందుగా చెప్పును. పట్టభద్రుడై, పరిశోధకుడై, తలనెఱసిన అధ్యాపకునకు వచ్చు ఏడు తన కొలువుండునో లేదో తెలియదు! ఇట్టివాని నోట నిర్భయమైన పాఠమును ఆశించుట న్యాయమా?

పాలనాధికారి ఉద్యోగుల పక్షము వహించుట క్రమశిక్షణకు భంగమని కొందఱందురు. అమెరికాలో ఆచార్యులు 1915 లోనే సంఘముగా నేర్పడి, బోధనాస్వాతంత్ర్యమునకు ఉద్యోగభద్రతయే కంచె యని చాటిరి. 1997 లో యునెస్కో సభ్యరాజ్యములు ఉన్నతవిద్యాబోధకుల హక్కులను గూర్చి చేసిన సిఫారసులోను ఇదే సూత్రము కలదు. కనుక అధ్యాపకుని మొఱ వినుట దయాధర్మము కాదు, విద్యాధర్మము.

ఉపాధ్యక్షులకు మా మనవి యొక్కటే. మీ విద్యాలయమున ఎన్ని యుద్యోగములు ఖాళీగా నున్నవో, ఎందఱు ఒప్పందముపై పనిచేయుచున్నారో, వారి కేమి ముట్టుచున్నదో ఏటేట బహిరంగముగ ప్రకటింపుడు. ప్రభుత్వమునకు వ్రాసిన లేఖలను ప్రజల యెదుట నుంచుడు. రాజీనామా చేయుమని మేము కోరుటలేదు. రాజీనామాకు వెఱవకుడని మాత్రమే కోరుచున్నాము. రైతులారా, పురజనులారా! మీ పిల్లల ప్రవేశమునకై ఆ వాకిట నిలిచినప్పుడు, పాఠము చెప్పువాని యింట పొయ్యి వెలుగుచున్నదా యని కూడ నొక్కమాట అడుగుడు.

ఆ పీఠమున తినునది మన యుప్పే.