వరద పోయింది సరే... ఇల్లు సేఫేనా?

పాలమూరు అంటే కరువు, వలస. ఈ మాట వింటూనే పెరిగాం మేం. అందుకే నీళ్లు ఇంట్లోకొస్తే ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు.

కానీ 2009 అక్టోబర్‌లో కృష్ణా, తుంగభద్ర ఒకేసారి పొంగాయి. ఇప్పుడు గద్వాల జిల్లాలో ఉన్న అలంపూర్, రాజోలి నీట మునిగాయి. రాజోలి నేతన్నల ఊరు. గుంట మగ్గం ఉన్న ఇంట్లో, వీధిలో వరద తీసినా గుంటలో చేరిన నీళ్లు వాటంతటవి పోవు. అసలు ప్రమాదం అలా మిగిలిపోయిన నీళ్లతోనే!

అంత పెద్ద వరదే రానక్కర్లేదు. వనపర్తిలో అయినా, నాగర్‌కర్నూల్‌లో అయినా గట్టి వానకు మోరీ పొంగి గడప దాటితే చాలు.

నీళ్లు ఎక్కడివి?

ముందు ఇది చూడండి. మిద్దె కారి పడిన వాన నీళ్లయితే 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టాలి. లేటైతే బూజు మొదలవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది నరకమే. చెమ్మ ఆరకముందే పైన పెయింట్ కొట్టేస్తే బూజు పోదు, దాక్కుంటుంది.

మోరీ, సెప్టిక్ ట్యాంకు నీళ్లు కలిస్తే కథ వేరు. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు రావచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి పుండుకు తగిలితే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం!

ఏం చెయ్యాలి?

నీళ్లలో నిలబడి స్విచ్ ముట్టుకోవద్దు. మెయిన్ దగ్గరికి పొడిగా వెళ్లగలిగితేనే ఆపండి, లేదంటే లైన్‌మన్‌ను పిలవండి. బూట్లు, గ్లౌజులు వేసుకుని ముందు బురద ఎత్తెయ్యండి. సబ్బు నీళ్లతో కడిగాకే బ్లీచింగ్ వాడండి, ఎందుకంటే బురద మీద అది సరిగ్గా పనిచెయ్యదు. బ్లీచింగ్‌లో బాత్రూమ్ యాసిడ్ అస్సలు కలపొద్దు, విషవాయువు వస్తుంది.

మోరీ నీళ్లు పీల్చిన పరుపు, దిండ్లు పారెయ్యాల్సిందే. ఎండలో వేస్తే పైన ఆరతాయి, లోపల క్రిములు ఉండిపోతాయి. నానిన బియ్యం, పప్పులూ అంతే. మనసొప్పదు, నిజమే. కానీ ఆస్పత్రి ఖర్చు పరుపుతో ఆగదు.

చివరగా సంపు. పూర్తిగా తోడి, రుద్ది కడిగి, క్లోరిన్ వేశాకే నింపండి. అప్పటిదాకా తాగే నీళ్లు తెర్లకాగాక కనీసం ఒక నిమిషం మరగాలి.

ఆ తర్వాత ఎవరికైనా జ్వరమొస్తే డాక్టర్‌కు ఒక్క మాట మర్చిపోకుండా చెప్పండి: "మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి".