పిల్లల అడుగును బట్టి ప్రయాణం

ప్రయాణం బాగా జరిగిందని ఎప్పుడంటాం? ఎక్కువ దూరం వెళ్లినప్పుడా, ఎక్కువ ప్రదేశాలు చూసినప్పుడా? లేక వెంట వచ్చినవారు అలసిపోకుండా, సంతోషంగా ఇల్లు చేరినప్పుడా? ఈమధ్య మా సంఘంలోని ఒక యువజంట ప్రార్థన కోసం మా ఇంటికి వచ్చినప్పుడు ఈ ప్రశ్న మా ముందుకొచ్చింది. ఇద్దరూ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఆ అమ్మాయికి ఆరో నెల. తొలి కాన్పు కాబట్టి ఏడో నెలలో పుట్టింటికి వెళ్తుంది. ఇద్దరూ కలిసి గడిపేందుకు మిగిలినవి నాలుగైదు వారాంతాలే.

‘‘అయ్యగారూ, బిడ్డ పుట్టాక రెండేళ్లదాకా ఎక్కడికీ కదల్లేం. ఈలోగా ఒకసారి కారులో అరకు వెళ్లొస్తాం, ప్రార్థన చేయండి’’ అన్నాడా అబ్బాయి. పథకమంతా ఫోనులో రాసుకున్నాడు. శుక్రవారం రాత్రి ఆఫీసు నుంచి వచ్చీరాగానే బయలుదేరాలి. శనివారం విశాఖ, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీదుగా అరకు. ఆదివారం తెల్లవారుజామునే తిరుగు ప్రయాణం. రానుపోను దాదాపు 1,400 కిలోమీటర్లు! అతను ఉత్సాహంగా చెబుతున్నాడు, ఆ అమ్మాయి మాత్రం మౌనంగా వింటోంది. మా శ్రీమతి ఆమె చెయ్యి పట్టుకుని ‘‘నీకేం కావాలమ్మా?’’ అని అడిగింది. ‘‘తెల్లారేదాకా నిద్రపోవాలనుంది అమ్మగారూ. ఆయన ఫోను పక్కనబెట్టి నాతో కూర్చుని భోంచేస్తే అదే చాలు’’ అందా అమ్మాయి. అబ్బాయి తెల్లబోయాడు. ఆ మాట ఆమెను అతను ఎన్నడూ అడగలేదు.

మాకు యాకోబు గుర్తొచ్చాడు. 20 ఏళ్ల తర్వాత అన్నదమ్ములు కలుసుకున్నారు. తన 400 మంది మనుషులతో కలిసి ప్రయాణం చేద్దామని ఏశావు పిలిచాడు. యాకోబు వినయంగా కాదన్నాడు. తనతో పసిపిల్లలున్నారని, పాలిచ్చే పశువులున్నాయని, వాటిని ఒక్కరోజు వడిగా తోలినా మంద చచ్చిపోతుందని చెప్పాడు. మీరు ముందు వెళ్లండి, నేను మెల్లగా వస్తానన్నాడు (ఆదికాండం 33వ అధ్యాయం). హెబ్రీ మూలంలో అక్కడ పిల్లల పాదాన్ని బట్టి నడవడం అనే భావం ఉంది. బలవంతుడి అడుగును బట్టి బలహీనులు పరుగెత్తడం లోకరీతి. బలహీనుల అడుగును బట్టి బలవంతుడు తన వేగం తగ్గించుకోవడం కుటుంబ రీతి. అదే యాకోబు భార్య రాహేలు, బేతేలు నుంచి ఎఫ్రాతాకు వెళ్లే దారిలోనే ప్రసవవేదనతో కన్నుమూసింది. దానికి కారణం ప్రయాణమేనని బైబిల్ చెప్పదు, మనమూ ఎవరినీ నిందించకూడదు. కాన్పు తేలికైన విషయం కాదని మాత్రం ఆ దారి పక్కన యాకోబు నిలబెట్టిన స్తంభం గుర్తు చేస్తుంది.

ఈ పాఠం మేము సెమినరీలో చదివాం కానీ, నేర్చుకున్నది ఆలస్యంగానే. మా తొలి బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మేము ఒక పల్లె సంఘంలో పరిచర్య చేస్తున్నాం. మూడు రోజుల సువార్త సభలు వచ్చాయి. ఏడో నెలలో ఉన్న మా శ్రీమతిని స్కూటర్ మీద గతుకుల దారిలో రోజూ తీసుకెళ్లాం. ‘‘కాళ్లు వాచాయండీ’’ అని ఆమె ఒకసారి అంది. ‘‘సభలు అయ్యాక విశ్రాంతి తీసుకుందాం’’ అన్నాం. మూడో రాత్రి ఆమెకు రక్తస్రావం కనిపించింది. ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ కూర్చుని మేము చేసిన ప్రార్థనలో ఒక్క ప్రసంగవాక్యం కూడా లేదు. దేవుని దయవల్ల తల్లీ బిడ్డా దక్కారు. ఆమె ఆనాటి నుంచి ఈనాటి వరకు ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే మమ్మల్ని ఎక్కువగా గద్దిస్తుంది. పరిచర్య పేరుతో చేసినా తొందర తొందరే!

అందుకే ఆ జంటతో కూర్చుని పథకమంతా మళ్లీ వేశాం. మొదటిది డాక్టరు అనుమతి. 14 నుంచి 28 వారాల మధ్య కాలం చాలామంది గర్భిణులకు ప్రయాణానికి అనువైనదని వైద్యులంటారు. అయితే రక్తపోటు ఎక్కువగా ఉన్నా, మాయ కిందికి ఉన్నా, నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం ఉన్నా వాళ్లు వద్దంటారు. వద్దంటే వద్దు, అక్కడ విశ్వాసం పేరుతో వాదన పనికిరాదు. రెండోది దూరం. అరకు బదులు మెదక్ ఎంచుకున్నాం. హైదరాబాద్ నుంచి నర్సాపూర్ అడవి మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. మూడోది సమయం. శనివారం పొద్దున టిఫిన్ తిన్నాక బయలుదేరడం, ఆదివారం చీకటి పడకముందే ఇల్లు చేరడం.

కారులో పాటించాల్సినవీ కొన్ని ఉన్నాయి. పొట్ట నొక్కుకుంటుందని చాలామంది గర్భిణులు సీటు బెల్టు మానేస్తారు, అది పొరపాటు. కింది పట్టీ పొట్ట మీదుగా కాక, పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా రావాలి. పై పట్టీ ఛాతీ మధ్యగా, పొట్ట పక్కగా దిగాలి. ముందు సీట్లో కూర్చుంటే సీటు బాగా వెనక్కి జరుపుకోవాలి. గర్భిణులకు కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ గనుక గంటన్నర, రెండు గంటలకొకసారి ఆగి నాలుగడుగులు నడవాలి, నీళ్లు తాగాలి. ఆసుపత్రి ఫైలు, మందులు, ఒక దిండు కారులోనే ఉండాలి. వెళ్లే ఊరిలో కాన్పుల ఆసుపత్రి ఎక్కడుందో ముందే తెలుసుకోవాలి. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, కడుపునొప్పి, బిడ్డ కదలికలు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా విహారం అక్కడితో ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి, అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

మెదక్ కేథడ్రల్ గురించి మన సంఘాల్లో తెలియనివారు అరుదు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారి సారథ్యంలో 1914లో పని మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువుకాలంలో ఆకలితో ఉన్నవారికి ఈ నిర్మాణమే పనీ, అన్నమూ అయ్యింది. ఎత్తైన గోపురం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. లోపల రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చిత్రాలున్నాయి. బయట వెలుతురుంటేనే అవి వెలుగుతాయి. వాటిని చూడాలంటే తొందరపడకుండా కూర్చోవాలి.

ఆ జంట వెళ్లొచ్చాక మళ్లీ మా ఇంటికి వచ్చారు. ‘‘100 కిలోమీటర్లకు మూడున్నర గంటలు పట్టింది అయ్యగారూ’’ అని నవ్వాడతను. మెదక్ కోట మెట్లు ఎక్కలేదు. సాయంత్రం పోచారం చెరువు గట్టున కూర్చున్నారు. ఆదివారం ఆరాధన ముగిసి జనం వెళ్లిపోయాక, క్రీస్తు జనన చిత్రం ఉన్న కిటికీ ఎదుట ఆమె చాలాసేపు కూర్చుంది. అతను ‘‘ఇక వెళ్దామా’’ అనలేదు, ఫోను తీయలేదు. అప్పుడామె నోరు విప్పింది. వాళ్ల అక్క తొలి కాన్పులో చావు అంచుదాకా వెళ్లొచ్చిందని, ఆ భయంతో తనకు రాత్రులు నిద్ర పట్టడంలేదని చెప్పింది. ఆరు నెలలుగా ఒకే ఇంట్లో ఉన్నా బయటికి రాని మాట అది. మర్నాడే ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ సంగతి చెప్పారు. అక్క కాన్పు వివరాలన్నీ ఆమె అడిగి ఫైలులో రాసుకుని, తీసుకోబోయే జాగ్రత్తలు వివరించారట. భయమంతా పోయిందని ఆ అమ్మాయి అనలేదు. ‘‘ఇప్పుడు నేనొక్కదాన్నే మోయడంలేదు అమ్మగారూ’’ అంది.

బిడ్డ కోసం ఊయల, బట్టలు, ఆసుపత్రి ఖర్చు సిద్ధం చేసుకోవడం అవసరమే. అయితే బిడ్డ రాకముందే తండ్రి తన అడుగు నెమ్మది చేసుకోవడం అంతకన్నా పెద్ద సిద్ధపాటు. భార్య అడుగును బట్టి రెండు రోజులు నడవగలిగినవాడు, రేపు బిడ్డ అడుగును బట్టి ఏళ్లతరబడి నడవగలుగుతాడు. కారు లేనివాళ్లు, డాక్టరు ప్రయాణం వద్దన్నవాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఇంటి అరుగు మీద ఒక సాయంత్రం ఫోను లేకుండా కూర్చున్నా ఆ మాట బయటికొస్తుంది. ‘‘అలసిపోయారు, ఏకాంతంగా కాసేపు విశ్రమించండి’’ అనే భావంతో శిష్యులను పిలిచిన ప్రభువు (మార్కు 6వ అధ్యాయం), అలసిన తల్లినీ అలాగే పిలుస్తాడు.

వాళ్లు వెళ్లాక మా శ్రీమతి గిన్నెలు సర్దుతూ ‘‘మనమూ మెదక్ ఎన్నోసార్లు వెళ్లాం, ప్రతిసారీ మీటింగులకే కదండీ’’ అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆదివారం మాకు తీరదు గనుక వచ్చే సోమవారం మేమిద్దరం బయలుదేరుతున్నాం. ఎన్ని గంటలకు చేరాలో మేము అడగలేదు. ఎక్కడెక్కడ ఆగాలో ఆమెనే చెప్పమన్నాం.