చేతి పరీక్షకు ఇరవై ఏళ్ళ సాక్ష్యం

అక్టోబరు రాగానే ఎక్కడ చూసినా గులాబీరంగు రిబ్బన్లు. రొమ్ము క్యాన్సర్ గురించి అవగాహన పెరగాలన్న మాటతో ఎవరికీ పేచీ లేదు. ఆ అవగాహన వల్ల ఎన్ని మరణాలు తగ్గుతాయన్నది మాత్రం లెక్కించి తేల్చవలసిన విషయం. అలా లెక్కించిన అధ్యయనాలలో రెండు పెద్దవి ఆసియాలోనే జరిగాయి.

మొదటిది షాంఘైలో, 1989లో మొదలైంది. జౌళి మిల్లులకు చెందిన 2,66,064 మంది స్త్రీలను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి తమ రొమ్ములను తామే పరీక్షించుకోవడం నేర్పారు. 2002లో వెలువడిన తుది ఫలితాలు నిరాశ కలిగించాయి: రొమ్ము క్యాన్సర్ మరణాలు నేర్చుకున్న వర్గంలో 135, రెండవ వర్గంలో 131. పెరిగినవల్లా క్యాన్సర్ కాని గడ్డలకు చేసిన బయాప్సీలే. చేతికి తగిలిన గడ్డను పట్టించుకోనక్కరలేదని దీని అర్థం కాదు. నేర్పినంత మాత్రాన ఊరంతటి మరణాల లెక్క మారలేదని మాత్రమే.

రెండవది ముంబయిలో, 1998లో టాటా మెమోరియల్ ఆసుపత్రి ఆరంభించింది. మామోగ్రామ్‌కు యంత్రం కావాలి, ఆ చిత్రాన్ని చదవగల నిపుణులు కావాలి. పైగా వయసులో ఉన్న స్త్రీలలో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది. ఎక్స్‌రేలో అదీ తెల్లగానే, కణితీ తెల్లగానే కనిపిస్తుంది. మరి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేతితో తడిమి చూస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు కోసం 35 నుంచి 64 ఏళ్ళ వయసున్న 1,51,538 మంది స్త్రీలను ఇరవై ఏళ్ళు గమనించారు. వైద్యులు కాని మహిళా కార్యకర్తలే సగం మందికి రెండేళ్ళకొకసారి, నాలుగు విడతలు పరీక్ష చేశారు. మిగతా సగానికి అవగాహన కల్పించారు కాని పరీక్షలు చేయలేదు. ఇది న్యాయమేనా అన్న విమర్శ వచ్చింది, ముఖ్యంగా ఇదే అధ్యయనంలో భాగమైన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో. ఆ విమర్శను తేలికగా కొట్టిపారేయలేము.

ఫలితాలు 2021లో వెలువడ్డాయి. వ్యాధి మూడు, నాలుగు దశలకు చేరాక బయటపడినవారు పరీక్షలు అందని వర్గంలో 47 శాతం, అందినవర్గంలో 37 శాతం. మరణాలు మొత్తం మీద 15 శాతం తగ్గాయి కాని, అది యాదృచ్ఛికం కాదని గణాంకశాస్త్రం హామీ ఇవ్వగలిగినంత తేడా కాదు. యాభై ఏళ్ళు, ఆపైన వయసున్నవారిని విడిగా చూస్తే తగ్గుదల సుమారు 30 శాతం. అంతకన్నా చిన్నవారిలో చెప్పుకోదగిన మేలు కనబడలేదు. ఈ వయోభేదాన్ని ఫలితాలు వచ్చాక విడదీసి చూశారు కనుక కొంత జాగ్రత్తగా చదువుకోవాలి. అయినా, యంత్రమేదీ లేకుండా ఇంత సాధ్యపడటం చిన్న విషయం కాదు.

భారత ప్రభుత్వం 2016లోనే ముప్ఫై ఏళ్ళు దాటిన స్త్రీలకు ఇటువంటి పరీక్షను సూచించింది, అయిదేళ్ళకొకసారి. ముంబయిలో వ్యవధి రెండేళ్ళు. అయిదేళ్ళ వ్యవధితో అంతే ఫలితం వస్తుందని ఆ అధ్యయనం చెప్పలేదు. సొంత ఊళ్ళో ఒకరోజు శిబిరం పెట్టించే ప్రవాసులకూ ఇదే చిక్కు. ముంబయిలో మేలు కనిపించింది ఒక్క విడతతో కాదు. అనుమానం కలిగినవారిని ఆసుపత్రికి పంపి, నిర్ధారణ, చికిత్స జరిగేలా చూశారు. శిబిరం ముగిసిన మర్నాడు, చేతికి గడ్డ తగిలిన స్త్రీ ఎవరి దగ్గరకు వెళ్ళాలి, బస్సు ఖర్చుతో సహా ఆ భారం ఎవరు మోయాలి అన్నవి శిబిరానికి ముందే తేలవలసిన ప్రశ్నలు.