షాకబ్జర్లు గట్టివైతే నడుము నిలుస్తుందా?

ములుగు: తెల్లవారకముందే ములుగు మండలంలోని పల్లెల నుంచి మోటారు సైకిళ్ళు, మోపెడ్లు వరుసగా బయలుదేరతాయి. క్షీరసాగర్, కొక్కొండ, తునికి బొల్లారం... ఏ ఊరి బాట చూసినా ఇదే దృశ్యం. వెనుక సీటు మీద రెండు టమాటా ట్రేలు, వాటి మీద పచ్చిమిర్చి సంచి, హ్యాండిలుకు వేలాడే బీరకాయల మూట. మట్టి బాట దాటి, రాజీవ్ రహదారి ఎక్కి, వంటిమామిడి కూరగాయల మార్కెట్టుకు చేరేసరికి అడుగు ట్రేలోని టమాటా కొంత నలిగి నీరు కారుతుంటుంది. నలిగిన సరుకుకు ధర పలకదన్నది అందరికీ విదితమే. ఇక రైతు నడుము సంగతి అడగనక్కరలేదు.

ఈ బాధకు ఊళ్ళల్లో అందరూ చెప్పే మందు ఒక్కటే: వెనుక షాకబ్జర్లు తీసేసి గట్టివి వేయించు! మెకానిక్కు దుకాణానికి పోయి నాలుగు రాళ్ళు ఖర్చు చేసి రావడం పరిపాటి అయింది. కొందరు స్ప్రింగు మాత్రం మార్చి, పాతబండిది లావుపాటిది వేయిస్తున్నారు. మరికొందరు స్ప్రింగు చుట్టల నడుమ రబ్బరు ముక్కలు దూరుస్తున్నారు. మార్కెట్టుకు పోయేటప్పుడు బాగానే ఉంటుంది. సరుకు దించి ఒట్టి బండి మీద తిరిగి వచ్చేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ప్రతి గుంత దగ్గరా బండి ఎగిరి పడుతుంది. అదే బండి మీద సాయంత్రం ముసలితల్లిని ఆస్పత్రికి తీసుకుపోవాలంటే ఆమె వద్దు నాయనా అంటుంది. తప్పు ఎక్కడ జరిగింది?

షాకబ్జరులో రెండు పనిముట్లు కలిసి ఉంటాయి. పైకి కనిపించే స్ప్రింగు ఒకటి. లోపల నూనె నిండిన గొట్టం ఇంకొకటి. స్ప్రింగు బరువు మోస్తుంది, గుంతను మింగుతుంది. కాని మింగినదాన్ని అంతే బలంగా వెనక్కి కక్కుతుంది కూడా. ఆ కక్కుడును ఆపేది నూనె గొట్టం. గొట్టంలో కడ్డీ పైకీ కిందికీ కదులుతుంటే నూనె సన్నని రంధ్రాల గుండా ఇరుకుగా పారుతుంది, ఆ ఇరుకులోనే ఊపు చస్తుంది. అందుకే స్ప్రింగు బలాన్ని బట్టి నూనె గొట్టం బలం కూడా ఉండాలి. లావు స్ప్రింగు వేసి పాత గొట్టాన్నే ఉంచితే, మదించిన ఎద్దుకు పుచ్చిన పలుపు తాడు కట్టినట్టే.

ఎగిరే బండి వల్ల నడుము ఒక్కటే పోదు. చక్రం నేలను వదిలినంతసేపు బ్రేకు పనిచేయదు. కంకర బాట మీద, లారీల రద్దీ ఉన్న రహదారి మీద ఆ రెప్పపాటు కాలమే ప్రాణం మీదికి తెస్తుంది.

మెత్తబడిన షాకబ్జర్లతోనే నెట్టుకొద్దామా అంటే అదీ ప్రమాదమే. వెనుక బరువుకు బండి కుంగితే ముందు చక్రం తేలికై హ్యాండిలు అటూ ఇటూ ఆడుతుంది. హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది. తెల్లవారుజామున ఎదురు వచ్చేవాడి కళ్ళలో వెలుతురు పడుతుంది, మన ముందున్న గుంత మాత్రం మనకు కనపడదు. కుదుపు సంగతికొస్తే, కూర్చున్న మనిషి ఒళ్ళు సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే కుదుపును అన్నిటికన్నా తక్కువగా ఓర్చుకుంటుందని పరిశోధకులు తేల్చారు. ఏళ్ళ తరబడి ఆ కుదుపులు తిన్నవారికి నడుము నొప్పి రావడం వింత కాదు.

ముందు చూడవలసింది ఇంకొకటి

కుదుపు కొట్టగానే నేరం షాకబ్జరు మీద మోపడం సరికాదు. టైరులో గాలి ఎక్కువైనా కుదుపే. ఒంటరిగా పోయేటప్పుడు ఎంత, వెనుక మనిషి ఉంటే ఎంత అన్నది కంపెనీవారు ఇచ్చిన పుస్తకంలోనూ, చాలా బళ్ళకు చైను కవరు మీద అతికించిన కాగితం మీదా ఉంటుంది. గాలి కొట్టే కుర్రవాడు అన్ని బళ్ళకూ ఒకే లెక్కన కొట్టి పంపుతుంటే మనమూ ఊరుకుంటున్నాము. ఇక రెండోది, బుష్షులు. షాకబ్జరు పైనా కిందా ఉండే రబ్బరు బుష్షులు, వెనుక చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మొదట్లో ఉండే బుష్షులు అరిగితే టకటక చప్పుడు వస్తుంది. వెనుక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపితే ఆడుతుంది. వీటిని మార్చడానికయ్యే ఖర్చు కొత్త షాకబ్జర్ల జత ఖర్చులో స్వల్పభాగమే.

తరువాత షాకబ్జరును పరీక్షించాలి. సీటును రెండు చేతులతో బలంగా నొక్కి వదిలితే బండి ఒకసారి పైకి లేచి నిలవాలి. రెండు మూడుసార్లు ఊగిందంటే లోపలి నూనె పని అయిపోయిందన్నమాట. కడ్డీ మీద నూనె జిడ్డు, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే సీలు పోయింది. కడ్డీ వంగినా, దాని మీద తుప్పు గాట్లు పడినా కొత్త సీలు వేసి లాభం లేదు, వారం తిరక్కుండా అదీ చిరుగుతుంది.

ఐదు మెట్లు

మన వాడుకలోని చాలా బళ్ళకు స్ప్రింగు అంచున మెట్లు మెట్లుగా కోసిన ఉంగరం ఒకటి ఉంటుంది. సాధారణంగా ఐదు మెట్లు. కొక్కెం లాంటి పానాతో తిప్పితే స్ప్రింగు నొక్కుకుని బండి వెనుకభాగం లేస్తుంది. పదేళ్ళుగా బండి నడుపుతూ ఈ ఉంగరాన్ని ఒక్కసారి కూడా తిప్పని వారు ఎందరో! తిప్పిన వారిలోనూ ఒక అపోహ ఉన్నది. మెట్టు పెంచితే స్ప్రింగు గట్టిపడదు. దాని బలం అదే. బరువు కింద ఎక్కువగా కుంగకుండా, గుంత వచ్చినప్పుడు దిగడానికి కొంత జాగా మిగులుతుంది, అంతే. సరుకుతో పోయేటప్పుడు పై మెట్టు, ఒంటరిగా వచ్చేటప్పుడు కింది మెట్టు పెట్టుకోవాలి. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలన్నది మరువరాదు.

ఏ మెట్టు సరిపోతుందో ఇంటి దగ్గరే కొలుచుకోవచ్చు. బండిని పెద్ద స్టాండు మీద నిలిపి, వెనుక చక్రం గాలిలో ఉండగా, ఇరుసు నట్టు నుంచి నిలువుగా పైన సీటు కింద పెట్టిన గుర్తు వరకు టేపు పట్టాలి. స్టాండు దించి, రోజూ వేసే బరువు వేసి, మనిషి కూర్చున్నాక మళ్ళీ పట్టాలి. తేడా ఎంతో అంత బండి కుంగినట్టు. చక్రం మొత్తం కదలికలో మూడోవంతు కుంగితే సరియైనది. కదలిక 8, 9 సెంటీమీటర్లున్న బండి రెండున్నర, మూడు సెంటీమీటర్లు కుంగవచ్చునన్నమాట. పై మెట్టు పెట్టినా సగానికి మించి కుంగితే స్ప్రింగు నీరసించిందో, మనం మోపిన బరువే ఎక్కువో చూసుకోవాలి.

బరువుకూ ఒక లెక్క ఉన్నది. టీవీయస్ ఎక్స్‌ఎల్ 100 మోపెడుకు కంపెనీ చెప్పే భారం 130 కిలోలు. నడిపే మనిషి కూడా ఆ లెక్కలోనే. 60 కిలోల మనిషి కూర్చుంటే మిగిలేది 70. పాతిక కిలోల ట్రేలు రెండు కట్టాక మూడోదానికి చోటుంటుంది గాని లెక్క ఉండదు. ఎంత మంచి షాకబ్జరు వేసినా ఈ లెక్క మారదు, ఎందుకంటే ఆ బరువు ఫోర్కు, రిమ్ము, బ్రేకు కూడా మోయాలి. ఉన్న బరువునైనా ఇరుసుకు వెనుక వేలాడదీయకుండా మనిషి నడుముకు ఆనించి, బరువైన ట్రే అడుగున ఉండేట్టు కట్టుకుంటే సగం కుదుపు తప్పుతుంది.

ఇవన్నీ చూశాక కూడా మార్చక తప్పకపోతే జతగానే మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే వెనుక ఫోర్కు మెలిక తిరుగుతుంది. పొడవు పాతదాని పొడవే ఉండాలి. కుర్రకారు సోకు కోసం పొడుగువి వేయిస్తున్నారు. వెనుక లేచి, హెడ్‌లైటు నేల చూసి, చైను బిగువు మారి, సైడు స్టాండు మీద బండి మరీ ఒరిగిపోతున్నది. ఇంట్లో పసిపిల్లలు బండి చుట్టూ ఆడుకునే చోట ఇది గమనార్హం.

నైట్రోజన్ గ్యాసు నింపిన షాకబ్జర్లు కూడా దొరుకుతున్నవి. కొన్నింటికి పక్కన చిన్న డబ్బా ఉంటుంది. గతుకుల బాట మీద చాలాసేపు నడిస్తే మామూలు షాకబ్జరులో నూనె వేడెక్కి, గాలితో కలిసి నురగ కడుతుంది, పట్టు తప్పుతుంది. గ్యాసు ఒత్తిడి ఆ నురగను కట్టనివ్వదు. రోజుకు రెండు మూడు తడవలు సరుకు తోలేవారికి పెట్టిన డబ్బు దక్కవచ్చు. పొలానికీ ఇంటికీ తిరిగేవారికి కంపెనీ రకమే చాలు. అయితే గ్యాసు ఉన్నదాన్ని సుత్తితో కొట్టడం, దాని దగ్గర వెల్డింగు పెట్టడం, పాతదైందని పొయ్యిలో వేయడం చేయరాదు, పేలుతుంది.

కొత్తవి బిగించిన తరువాత రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక పై, కింది నట్లు ఒకసారి చూపించుకోవాలి. తీసిన పాతవాటిని మెకానిక్కు దగ్గర వదిలి రాకుండా ఇంటికి తెచ్చుకునేవారు తెలివిగలవారు, స్ప్రింగు బాగుంటే మరో బండికి పనికివస్తుంది. ఆ కొక్కెం పానా కొన్ని బళ్ళకు కంపెనీయే టూలు సంచిలో పెట్టి ఇస్తుంది. సీటు కిందో, పక్క డబ్బాలోనో వెతికితే మూట విప్పకుండానే దొరుకుతుంది.