మోటారుసైకిల్ ముందు సస్పెన్షన్: కుదుపు, ఊపు – సాంకేతిక వివరణ, పదజాల పరిశీలన

వ్యాససంగ్రహం:
దూరప్రయాణాలకు వాడే మోటారుసైకిల్‌లో ముందు సస్పెన్షన్ రెండు వేర్వేరు పనులు చేస్తుంది. రోడ్డు దెబ్బను తీసుకోవడం మొదటిది. ఆ వెంట పుట్టే ఊపును అణచడం రెండవది. వాడుకలోని ‘షాకప్’ అనే మాట ఈ రెండింటినీ ఒకటిగా చూపుతుంది. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్ – ఎల్.బి.నగర్ మార్గాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ రెండు పనులను వివరించడం, వాటిని వేరుచేసి చెప్పగల తెలుగు మాటలను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ముందు ఫోర్క్, షాకప్, స్ప్రింగు, ఫోర్క్ ఆయిల్, కుదుపు, ఊపు, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం:
వృత్తుల భాషను సేకరించి పరిశీలించే సంప్రదాయం తెలుగు పరిశోధనలో బలమైనది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో ఆ మార్గానికి పునాది వేసింది. నాగలి భాగాలకు దక్కిన శ్రద్ధ మోటారుసైకిల్ భాగాలకూ దక్కవలసి ఉంది. ఇది భాషాసంపదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. వాహనదారుడు తన ఇబ్బందిని సరిగా చెప్పలేకపోతే మరమ్మతు వేరొకచోట జరుగుతుంది. ముందు చక్రం విషయంలో దాని ఫలితం అసౌకర్యంతో ఆగదు. బ్రేకు పట్టుమీద, ప్రాణంమీద పడుతుంది.

2. స్ప్రింగు పని, ఆయిల్ పని:
నేటి మోటారుసైకిళ్లలో ఎక్కువగా కనిపించేది టెలిస్కోపిక్ ఫోర్క్. ఒక గొట్టంలోకి మరొక గొట్టం జారే ఈ ఏర్పాటుకు ఆయిల్ నియంత్రణను జోడించి, 1935లో బీఎండబ్ల్యూ సంస్థ తన ఆర్ 12 మోటారుసైకిల్‌లో ప్రవేశపెట్టింది. ఫోర్క్ గొట్టాలలో స్ప్రింగు, ఆయిల్, కొంత గాలి ఉంటాయి.

స్ప్రింగు బరువును మోస్తుంది; దెబ్బ తగిలినప్పుడు కుదించుకుపోయి ఆ శక్తిని నిలువ చేసుకొంటుంది. అయితే నిలువ చేసినదాన్ని తిరిగి ఇచ్చివేయడం దాని స్వభావం. కనుక స్ప్రింగు మాత్రమే ఉంటే ఒక్క గుంత దాటిన వాహనం చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. ఆయిల్ సన్నని రంధ్రాలగుండా బలవంతంగా ప్రవహించి ఆ శక్తిని వేడిగా మారుస్తుంది. అప్పుడే ఊపు ఆగుతుంది. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ‘అవరుద్ధ డోలనాలు’ అని చెప్పేది దీనినే. ఆయిల్‌పైన మిగిలిన గాలి కూడా కుదించుకుపోయి మరొక స్ప్రింగులా పనిచేస్తుంది. అందువల్ల ఆయిల్ మట్టం పెంచితే ఫోర్క్ చివరి భాగంలో గట్టిపడుతుంది.

3. ఒకే మార్గం, రెండు పరీక్షలు:
దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ వరకు మెట్రో మార్గం కింద సాగే ప్రయాణంలో వేగం తక్కువ, బ్రేకులు ఎక్కువ. ఎల్.బి.నగర్ దాటి హయత్‌నగర్ వైపు సాగితే అదే రోడ్డు విజయవాడ జాతీయ రహదారి అవుతుంది. అక్కడ వేగం పెరుగుతుంది, కుదుపుల స్వభావం మారుతుంది.

మొదటి పరీక్ష స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాలు గంటకు 25 కి.మీ. వేగంతో దాటడానికి 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు గల దిమ్మెను సూచించాయి. కాలనీ వీధుల్లో అంతకంటే చాలా ఇరుకైన దిమ్మెలు కనిపిస్తాయి. ఎత్తు అంతే ఉండి వెడల్పు 40 సెం.మీ. అయితే, అదే వేగంలో చక్రం పైకి లేచే వేగం సుమారు 9 రెట్లవుతుంది (టైరు గుండ్రదనాన్ని పక్కనపెట్టి వేసిన లెక్క ఇది). సాధారణ ఫోర్క్‌లో ఆయిల్ నిరోధం చక్రం కదిలే వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు. కనుక హఠాత్తుగా వచ్చే దెబ్బకు ఫోర్క్ దాదాపు బిగుసుకుపోయి, ఆ దెబ్బను చేతులకు అందిస్తుంది. ఫ్లైఓవరు జాయింట్ల దగ్గర మణికట్టుకు తగిలే పోటు ఇటువంటిదే. వేగాన్నిబట్టి తెరుచుకొనే పలుచని రేకుల కవాటాలు గల కార్ట్రిడ్జ్ ఫోర్క్ ఈ లోపాన్ని తగ్గిస్తుంది.

రెండవ పరీక్ష రహదారి. రోడ్డుమీద ప్రతి 5 మీటర్లకు ఒక ఎత్తుపల్లం ఉందనుకొందాం. గంటకు 36 కి.మీ. వేగంలో సెకనుకు 2 సార్లు, 72 కి.మీ. వేగంలో 4 సార్లు వాహనం కదులుతుంది. కూర్చున్న మనిషి శరీరం నిలువు కంపనాలను ఎక్కువగా గ్రహించేది సెకనుకు సుమారు 4 నుండి 8 సార్లు కదిలినప్పుడని ఐ.ఎస్.ఓ. 2631-1 ప్రమాణంలోని కొలమానం సూచిస్తుంది. రోడ్డు మారకపోయినా వేగం పెరిగినప్పుడు అలసట పెరగడానికి ఇదొక కారణం.

4. బ్రేకు వేసినప్పుడు:
బ్రేకు వేస్తే బరువు ముందుకు మళ్లుతుంది. మనిషితో కలిపి 280 కిలోల వాహనం, 0.7 మీటర్ల ఎత్తులో గురుత్వకేంద్రం, చక్రాల మధ్య 1.4 మీటర్ల దూరం ఉన్నాయనుకొందాం. సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గితే ముందు చక్రంమీద 700 న్యూటన్ల, అంటే సుమారు 71 కిలోల, అదనపు భారం పడుతుంది. ఫోర్క్ కిందికి దిగుతుంది. సరిగ్గా అప్పుడు గుంత వస్తే దానిని తీసుకోవడానికి మిగిలిన ప్రయాణం తక్కువ. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2016లో విడుదల చేసిన హిమాలయన్ మోటారుసైకిల్‌కు ముందు చక్రం ప్రయాణం 200 మి.మీ.; అదే సంస్థ 2021 నాటి క్లాసిక్ 350కి 130 మి.మీ. ఎక్కువ ప్రయాణం గుంతలకు మేలు చేస్తుంది. కాని స్ప్రింగు మెత్తగా ఉంటే బ్రేకులో ఎక్కువ దిగుతుంది. కాబట్టి మెత్తదనమే సౌకర్యమని భావించడం సరికాదు. ఆయిల్ పలచబడిన ఫోర్క్ మెత్తగానే తోస్తుంది. దాని చక్రం మాత్రం ఎగుడుదిగుడు రోడ్డుమీద నేలను విడిచి ఎగురుతుంది. నేలను తాకని చక్రానికి బ్రేకు లేదు.

5. పదజాల పరిశీలన:
‘షాక్ అబ్జార్బర్’ అనే పేరులోనే తికమక ఉంది. షాక్‌ను మొదట తీసుకొనేది స్ప్రింగు. ఆయిల్ అణచేది ఊపును. ‘షాకప్’ ఆ తికమకను అలాగే మోసుకొచ్చింది. తెలుగులో ‘కుదుపు’, ‘ఊపు’ అనే మాటలు ఈ తేడాను సహజంగానే చూపుతాయి. వీటి ఆధారంగా లక్షణాలను ఇలా విభజించవచ్చు:

– దిమ్మె దాటాక రెండు మూడుసార్లు ఊగితే: ఊపు ఆగడం లేదు, ఫోర్క్ ఆయిల్ చూడాలి.
– చిన్న జాయింట్లకే చేతులు అదిరితే: కుదుపు దిగడం లేదు, టైరు గాలి, ఆయిల్ చిక్కదనం, గొట్టాల రాపిడి చూడాలి.
– పెద్ద గుంతలో ఢీకొన్న శబ్దం వస్తే: ప్రయాణం అయిపోయింది, స్ప్రింగు, ఆయిల్ మట్టం చూడాలి.
– బ్రేకు వేయగానే హ్యాండిల్ దగ్గర టక్కుమంటే: కోన్‌సెట్ వదులై ఉండవచ్చు, మొదట దానిని పరీక్షించాలి.
– గొట్టంమీద జిడ్డు కనిపిస్తే: ఆయిల్ సీల్ మార్చడంతోపాటు, కారిపోయిన ఆయిల్‌ను కొలత ప్రకారం నింపాలి.

6. ముగింపు:
ముందు సస్పెన్షన్ నాణ్యత మెత్తదనంలో కాక, కుదుపును తీసుకోవడానికీ ఊపును ఆపడానికీ మధ్య సమతూకంలో ఉంటుంది. ‘అవరుద్ధ డోలనాలు’ తరగతి గదిలో ఉన్నాయి, ‘కోన్‌సెట్’ మెకానిక్ షాపులో ఉంది, ‘కుదుపు’ అందరి నోటా ఉంది. ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసినప్పుడే తెలుగులో సాంకేతిక వచనం స్థిరపడుతుంది. వృత్తిపదకోశాల మార్గంలో మోటారు మెకానిక్కుల భాషను సేకరించడం పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.