నోరు నొక్కేస్తే... కాగితం మాట్లాడింది!

1975 జూన్ 26. పొద్దున్నే రేడియోలో ప్రధాని ఇందిరాగాంధీ గొంతు. అత్యవసర పరిస్థితి విధించామనీ, ఎవరూ కంగారు పడక్కర్లేదనీ చెప్పారామె. అప్పటికే ఆ రాత్రి ఎందరో ప్రతిపక్ష నేతల్ని పోలీసులు పట్టుకుపోయారు. పత్రికలకు సెన్సార్ సంకెళ్లు పడ్డాయి. 'మీసా' చట్టం కింద జైల్లో పెడితే ఎందుకు పెట్టారో కూడా చెప్పనక్కర్లేదు!

పెద్దవాళ్లే గుసగుసగా మాట్లాడుకున్న ఆ రోజుల్లో, మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్లు 'మీసా'కు ఎదురునిలిచారు.

రెట్టింపు భయం

శ్రీకాకుళానికి పోలీసు క్యాంపులు కొత్త కాదు. 1967-70 మధ్య ఉద్దానంలో, ఏజెన్సీలో సాగిన పోరాటాన్ని అణచివేసిన జ్ఞాపకాలు అప్పటికింకా పచ్చిగానే ఉన్నాయి. మళ్లీ కొడుకు ఎక్కడ చిక్కుకుంటాడోనని తల్లులకు దిగులు. అది ఉత్త దిగులేం కాదు. ఎమర్జెన్సీ వచ్చి నెల తిరిగేసరికి, జులై 25న, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు తూటాలకు బలయ్యారు. వాళ్లలో వరంగల్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థి జనార్దన్ ఒకరు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. చెట్లకు కట్టి కాల్చారని 1977లో తార్కుండే కమిటీ తేల్చింది.

స్టెన్సిలే ఆయుధం

అప్పట్లో ఉత్తరాంధ్ర కుర్రాళ్లకు పెద్ద చదువంటే విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయమే. 1973-74లో అక్కడి విద్యార్థి సంఘం అధ్యక్షుడు, నెల్లూరు జిల్లా నుంచి లా చదవడానికొచ్చిన వెంకయ్యనాయుడు. జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమంలో ఛాత్ర సంఘర్ష సమితికి రాష్ట్ర కన్వీనర్ కూడా ఆయనే. ఎమర్జెన్సీని ఎదిరించి జైలుకెళ్లేనాటికి ఆయనకు ముప్ఫై కూడా నిండలేదు.

పత్రికలు రాయలేనివి కరపత్రాలు రాశాయి. స్టెన్సిల్ కోయడం, సైక్లోస్టైల్ మీద సిరా పూసి ఒక్కో కాగితమే లాగడం, తెల్లారేలోగా పంచేయడం... దేశమంతటా రహస్య ఉద్యమం నడిచింది ఇలాగే. నవంబరు 14 నుంచి సత్యాగ్రహం మొదలైంది. నలుగురూ తిరిగేచోట నినాదాలిచ్చి అరెస్టవడమే పని! పరీక్షలు పోయాయి, ఉద్యోగాల ఆశలు పోయాయి. జైల్లో మాత్రం సంఘ్ శాఖల కుర్రాళ్లూ ఎర్రజెండా కుర్రాళ్లూ ఒకే కప్పు కింద గడిపారు.

ఓడినా... గెలిచినా...

1977 మార్చిలో ఉత్తరాది ఓటర్లు కాంగ్రెస్‌ను ఊడ్చేశారు. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీయే ఓడిపోయారు. కానీ మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే! ఎవరికోసమైతే జైలుకెళ్లారో ఆ జనమే తమ మాట వినలేదని ఆ కుర్రాళ్లకు ఎంత గుచ్చుకుని ఉంటుందో!

ఏడాది తిరిగాక 1978 శాసనసభ ఎన్నికల్లో జనతాపార్టీకి 60 స్థానాలొచ్చాయి. విజయనగరంలో ఇరవై ఆరేళ్ల అశోక్ గజపతిరాజు, ఉదయగిరిలో వెంకయ్యనాయుడు ఆ పార్టీ తరఫునే గెలిచి తొలిసారి అసెంబ్లీలో అడుగుపెట్టారు. అంతకన్నా పెద్ద గెలుపు అదే ఏడాది వచ్చిన 44వ రాజ్యాంగ సవరణ. ఎమర్జెన్సీ పెట్టినా సరే, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ ఉన్న రక్షణను ఇక ఏ ప్రభుత్వమూ ఆపలేదు.

పదవులొచ్చిన వాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. రాత్రిళ్లు సిరా చేతులతో సైకిలెక్కిన వాళ్లవి లేవు. వాళ్లకిప్పుడు డెబ్బై దాటుంటాయి. మీ వీధి అరుగు మీద పేపరు చదువుకుంటూ కూర్చున్న తాతయ్య వాళ్లలో ఒకరేమో... ఓసారి పక్కన కూర్చుని అడిగి చూడండి!